మనిషి ధర మూడూ ముప్పావు టికెట్లు

సౌదీ అరేబియాలో డాలరు ధర మూడూ ముప్పావు రియాళ్లు. 1986 నుంచి అంతే. యుద్ధాలొచ్చాయి, చమురు లేచింది, పడింది, కరోనా వచ్చి పోయింది. ఆ ముప్పావు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. అదే దేశంలో మన మనిషి ధర కూడా మూడూ ముప్పావే. కాకపోతే రియాళ్లు కాదు, టికెట్లు.

లెక్క చెబుతాను, తప్పుంటే దిద్దండి. రియాద్ దాటాక, తువైక్ కొండల అంచున ఖిద్దియా అనే వినోదాల నగరం లేస్తోంది. 2025 డిసెంబరు 31న అక్కడ సిక్స్ ఫ్లాగ్స్ పార్కు తలుపులు తెరిచారు. అందులో ఫాల్కన్స్ ఫ్లైట్ అనే రోలర్ కోస్టర్ ఉంది. ఎత్తు 195 మీటర్లు, వేగం గంటకు 250 కిలోమీటర్లు. మూడు చార్మినార్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినా దాని తలకు అందవు. పెద్దవాళ్లకు ప్రవేశ టికెట్ 325 రియాళ్లు.

ఇక మనిషి సంగతి. సౌదీకి వెళ్లే మన కూలీకి ఇంతకు తగ్గకుండా జీతం ఇవ్వాలంటూ 2020 సెప్టెంబరులో భారత విదేశాంగ శాఖ రాసిపెట్టిన అంకె నెలకు 324 డాలర్లు. రియాళ్లలో 1,215. దాన్ని 325తో భాగించండి. ఇంచుమించు మూడూ ముప్పావు వస్తుంది. అంటే నెలంతా ఎండలో చీపురు పట్టినవాడు ఆ జీతం మొత్తం కౌంటర్లో కుమ్మరిస్తే ఇంటిల్లిపాదిలో ముగ్గురు నిక్షేపంగా లోపలికి పోవచ్చు. నాలుగోవాడు మోకాళ్లు గేటు బయట వదిలేసి రావాలి.

ఆ 1,215 వెనక ఒక సేల్ కథ ఉంది. కరోనా రోజుల్లో గల్ఫ్ నుంచి మనవాళ్లు విమానాలు నిండా తిరిగొస్తుంటే ఢిల్లీకి బెంగ పట్టుకుంది. మన మనుషులు ఖరీదు ఎక్కువై అమ్ముడుపోవడం లేదేమో అని! వెంటనే గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి కనీస సిఫారసు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. ఉద్యోగాలు కాపాడటానికేనట. కొనేవాడు బేరమాడటం విన్నాం. అమ్మేవాడే ముందుగా "సగానికిస్తా, తీసుకుపోండి" అని అరవడం మాత్రం కోఠిలో సాయంత్రం పూట కూరగాయల బండి దగ్గర చూశాం, తర్వాత సౌత్ బ్లాకులో చూశాం. కూరగాయలవాడికైనా ఒక సాకు ఉంది, పొద్దుగూకితే సరుకు వాడిపోతుంది.

తెలంగాణలో వలస కార్మికుల హక్కుల కోసం తిరిగే మంద భీంరెడ్డి లాంటివాళ్లు ఊరుకోలేదు. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకెక్కింది. 2021 జులైలో ఢిల్లీ వేతనాలు కోసిన ఆ సర్క్యులర్లను ఉపసంహరించుకుంది. మన బట్టల కొట్లు ఆషాఢం సేల్ బోర్డులు కట్టే రోజుల్లో సర్కారు తన సేల్ బోర్డు దించింది. బోర్డయితే దిగింది. ధర దిగిందా, ఎక్కిందా అన్నది జగిత్యాల బస్టాండు దగ్గర లాడ్జి మెట్లెక్కితే తెలుస్తుంది.

అక్కడ ఇంటర్వ్యూ నడుస్తోంది. గోడకు కరపత్రం: "సౌదీకి వెంటనే కావలెను. పార్కు క్లీనర్లు, రైడ్ హెల్పర్లు, కౌంటర్ బాయ్స్. జీతం 1000 + తిండికి 200. రూము ఫ్రీ, రవాణా ఫ్రీ, ఓవర్‌టైమ్ (ఓటీ) గ్యారంటీ." కింద చిన్న అక్షరాల్లో: "మోసపోకండి, మా వద్దకే రండి."

"గింతేనా అన్నా జీతం?" అన్నాడొక పిల్లగాడు. ఐటీఐ చదివాడు, కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

"ఓటీ ఉంటది తమ్మీ. ఓటీ మొత్తం చేస్తే పద్నాలుగు వందలు దాటుతది."

"మరి వీసాకు?"

ఏజెంటు కాలిక్యులేటర్ ముందుకు జరిపాడు. నోటితో చెప్పలేదు, వేలితో కొట్టి చూపించాడు. మన చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. కాలిక్యులేటర్ మీద కనిపించింది లక్షా ఇరవై. చట్టం పుస్తకంలో ఉంటుంది, ధర కాలిక్యులేటర్‌లో ఉంటుంది, రెండూ ఎప్పుడూ ఒక బల్ల మీద కూర్చోవు.

ఆ లక్షా ఇరవై ఎక్కడిది? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. విమానం ఎక్కకముందే పిల్లగాడి నెత్తిన నెలకు 2,400 రూపాయలు కూర్చున్నాయి. ఒకప్పుడు ఉత్తర తెలంగాణ పల్లెల్లో బతుకుదెరువుకు మూడే దారులనేవారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బొగ్గుబాయిలో దిగడానికి ఎదురు డబ్బు కట్టిన పాపాన ఎవరూ పోలేదు.

సౌదీని మాత్రం తక్కువ చేసి మాట్లాడకూడదు. నవ్వడానికి కూడా ఒక ప్రభుత్వ సంస్థ పెట్టిన దేశం అది. 2016లో జనరల్ ఎంటర్‌టైన్‌మెంట్ అథారిటీ పుట్టింది. ప్రజలు సంతోషంగా ఉండాలని ప్రణాళిక వేశారు, బడ్జెట్ ఇచ్చారు, పార్కులు కట్టారు. లెక్కల్లో కూడా ఆ దేశానికి సాటి లేదు. కంపెనీల్లో సొంత పౌరులు ఇందరు ఉండాలని వాళ్లకొక పథకం ఉంది, పేరు నితాకాత్. 2021 నుంచి అందులో ఒక సూత్రం చేర్చారు. సౌదీ పౌరుడికి నెలకు 4,000 రియాళ్లిస్తే ఒక మనిషి కింద లెక్క. అంతకు తగ్గితే అర మనిషి. మూడు వేల కిందికి దిగితే అసలు మనిషిగానే లెక్కలోకి రాడు. ఎంత గొప్ప మాట! మూడు వేలతో మనిషి బతకలేడని రాజ్యమే రాసి, సంతకం పెట్టింది.

మరి వెయ్యి రియాళ్ల మనవాడు? సౌదీ చట్టంలో విదేశీ కూలీకి కనీస వేతనమే లేదు కాబట్టి ఈ సూత్రం అతన్ని తాకదు. సున్నాను కనిపెట్టింది మనవాళ్లేనని గర్వంగా చెప్పుకుంటాం కదా, ఆ సున్నాకు ఎడమ పక్కన ఏముంటుందో తెలుసుకోవాలంటే జగిత్యాల పిల్లగాడి ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, చూడాలి.

ఎడమ పక్కనే ఎందుకంటారా? కంపెనీ ఒక విదేశీ కూలీని పెట్టుకున్నందుకు ప్రభుత్వానికి నెలకు 700 నుంచి 800 రియాళ్లు కట్టాలి. మన ఊళ్లో బందెలదొడ్డి రుసుము లాంటిదన్నమాట. మనిషి పేరు మీద సర్కారుకు 800, ఆ మనిషికి 1,000. కంపెనీ పొదుపు చేయాలనుకుంటే దేన్ని కోస్తుంది? చట్టం రాసిన 800 వంగదు. చట్టం రాయని జీతమే వంగుతుంది. నేరం ఎవరిదీ కాదు, అంతా కూడికలు తీసివేతలు.

పోనీ పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లి అక్కడే కాపురం పెడతాడా? మామూలు కూలీ వీసాకు ఆ భాగ్యం ఉండదు. ఉందనే అనుకుందాం. వెంట ఉన్న ఒక్కొక్కరి తలకు నెలకు 400 రియాళ్ల రుసుము. భార్య, ఇద్దరు పిల్లలు: పన్నెండు వందలు. ఢిల్లీవారి 1,215లోంచి తీసేస్తే పదిహేను రియాళ్లు మిగులుతాయి. ఆ పదిహేనుతో నెలంతా నలుగురూ కలిసి ఏం తినాలో నిర్ణయించుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు మాత్రం రుసుము లేదు.

"అయినా అక్కడ ఖర్చేముంది? రూము ఫ్రీ, జీతం మీద పన్ను లేదు" అంటారు ఇక్కడ అరుగుల మీద. నిజమే, జీతం మీద పన్ను లేదు. ఉప్పు మీద ఉంది. 2020 జులై నుంచి వ్యాట్ 15 శాతం. అంతకుముందు 5. బక్కాలాలో, అంటే కిరాణా కొట్లో, కొనే బియ్యం మీద, పప్పు మీద, ఫోన్ రీఛార్జి మీద, కూలీకీ కోటీశ్వరుడికీ ఒకే శాతం. సమానత్వం ఎక్కడ మొదలవ్వాలో సౌదీకి బాగా తెలుసు. ఇంటి అద్దెలు మండిపోతున్నాయని 2025 సెప్టెంబరులో రియాద్‌లో అయిదేళ్లపాటు అద్దెలు పెంచకూడదని ఆజ్ఞ వేశారు. చాలా మంచి పని. మనవాళ్లను పనికి పెట్టుకునే సప్లయ్ కంపెనీలు మాత్రం ఇలాంటి పనికి ఏ ఆజ్ఞ కోసమూ ఆగలేదు. జీతాలను ఏనాడో కట్టేసి కూర్చున్నాయి.

అసలు ఖర్చు అక్కడ కాదు, ఇక్కడుంది. ఆ కూలీ రియాద్‌లో నిద్రపోతాడు, జగిత్యాలలో బతుకుతాడు. పిల్లల స్కూలు ఫీజు, అమ్మ బీపీ మందులు, అప్పుల వడ్డీ, చెల్లె పెళ్లి, అన్నీ ఇక్కడి ధరల్లోనే. ఇతనికి జీతం పెరగదా అంటే పెరుగుతుంది. కంపెనీ పెంచదు, రూపాయి పెంచుతుంది. 2014లో రియాల్‌కు పదహారు రూపాయలు. 2025 నాటికి ఇరవై మూడు, ఇరవై నాలుగు. మన రూపాయి జారి పడ్డప్పుడల్లా ఇంట్లో పండగ. దేశం నడుం విరిగితే తప్ప ఇంక్రిమెంటు రాని ఉద్యోగి ప్రపంచంలో ఇతనొక్కడే. ఆ పండగ సొమ్ము కూడా నూనె ప్యాకెట్ దగ్గరికి వెళ్లేసరికి ఆవిరవుతుంది.

ఇదంతా పేద దేశాల కూలీల గోల, పెద్ద దేశాల్లో పార్కు పనివాళ్లు హాయిగా ఉంటారనుకోకండి. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ఉద్యోగుల మీద 2018లో వెలువడిన ఒక సర్వేలో, పదిమందిలో ఒకరు అంతకు ముందు రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపామని చెప్పారు. పగలంతా పార్కులో పనిచేసి, రాత్రికి కారులో పడుకునేవాళ్లు కూడా వారిలో ఉన్నారు. తేడా ఒక్కటే. వాళ్లకు యూనియన్ ఉంది, ఊరిలో ఓటు ఉంది. 2018లోనే డిస్నీలాండ్ ఉన్న అనహైమ్ ఊరి ఓటర్లు కనీస వేతనం పెంచాలని తీర్పిచ్చారు. 2024 జులైలో సమ్మె చేస్తామని ఉద్యోగులు ఓటేశాక కనీస జీతం గంటకు 24 డాలర్లకు చేరింది. మన ఢిల్లీ కట్టిన 324 డాలర్లను అక్కడి ఊడ్చేవాడు పదమూడున్నర గంటల్లో సంపాదిస్తాడు. మనవాడికి నెల. సౌదీలో యూనియన్ లేదు, సమ్మె నేరం. కాబట్టి గొడవ లేదు. గొడవ లేనిచోట సంతోషం ఉన్నట్టే కదా!

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఇచ్చింది, సంతోషం. అయిదు లక్షలంటే ఆ 1,215 రియాళ్ల లెక్కన ఇంచుమించు పదిహేడు నెలల జీతం. చూశారా, పోయినవాడికి ధర కట్టడానికి ఒక జీవో సరిపోయింది. బతికున్నవాడి ధర దగ్గరికొచ్చేసరికే అంతర్జాతీయ సంబంధాలు అడ్డొస్తున్నాయి.

మొన్న చుట్టీ మీద ఊరికొచ్చినవాడొకడు కలిశాడు. సౌదీలోనే వేరే ఊళ్లో ఏదో పార్కులో రైడ్ దగ్గర హెల్పరు. ఏం పని చేస్తావురా అంటే చేతులతో చేసి చూపించాడు. జనం సీట్లలో కూర్చోగానే ఒక్కొక్కరి ఒడిలోకి ఇనుప బారు దించుతాడు. 'టక్' మని చప్పుడు వినాలి. విన్నా నమ్మడు, బారు పట్టుకుని రెండుసార్లు గట్టిగా గుంజుతాడు. అరబ్బు షేకయినా, పసిపిల్లయినా అంతే. వరస చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ ఒక చూపు చూస్తాడు. అప్పుడు బొటనవేలు ఎత్తుతాడు. ఆ వేలు లేచేదాకా కోట్ల రూపాయల యంత్రం అంగుళం కదలదు.

"ఎన్నిసార్లు ఎత్తుతవు దినానికి?" అన్నాను.

"లెక్క పెట్టలే బాపూ. ఒక్కసారి తప్పినా మనిషి పోతడు. గందుకే గుంజి చూస్త."

వెయ్యి రియాళ్ల మనిషికి తెలిసిన ఈ పని మన ఢిల్లీ పెద్దలకు ఎవరైనా నేర్పితే బాగుండు. అందుకే ఒక చిన్న విన్నపం. ఈ కనీస వేతనాన్ని డాలర్లలో రాస్తే మీకు తగ్గించబుద్ధి అవుతోంది. ఇకమీదట టికెట్లలో రాయండి. సౌదీ తన పౌరుణ్ని మనిషిగా లెక్కించే 4,000 రియాళ్లంటే పన్నెండు టికెట్లు దాటుతాయి. అన్ని అడగం. ఆరో ఏడో రాయండి. టికెట్ ధర పెరిగినప్పుడల్లా జీతమూ దానంతటదే పెరుగుతుంది, మళ్లీ సర్క్యులర్ రాసే శ్రమ మీకుండదు. రాసిన అంకె కరపత్రం మీద ఉందో లేదో లాడ్జి మెట్లెక్కి చూడండి. ఏజెంటు కాలిక్యులేటర్ ఒకసారి మీ వైపు తిప్పమనండి.

పదో తరగతి పాసు కాని పల్లె పిల్లగాడు సౌదీ విమానం ఎక్కాలంటే ఢిల్లీ వారి ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. అదీ ఒక బొటనవేలే. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రోజూ లేస్తూనే ఉంటుంది. బారు పడిందా అని చూసే చెయ్యి లేదు, గుంజి చూసే చెయ్యి లేదు, 'టక్' మని చప్పుడు రాలేదు. వేలు మాత్రం లేచింది. బండి కదిలింది.