సొంతగడ్డ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘సొంతగడ్డ మీద, మంచి ఊపులో ఉన్న జట్టుదే గెలుపు. రేటు 1.80. ధైర్యంగా పెట్టవచ్చు.’

అవతారిక: యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ మ్యాచి ఉందంటే ముందురోజే ఈ సూత్రం ఏదో ఒక రూపంలో వెలుస్తుంది. కర్తలు అనేకులు, పాఠభేదాలు అసంఖ్యాకం, భావం మాత్రం ఒక్కటే. శాస్త్రానికి అనుబంధ చతుష్టయం చెప్పడం సంప్రదాయం గనుక చెప్పుకుందాం. విషయం ఫుట్‌బాల్. ప్రయోజనం డబ్బు. సంబంధం ఆ రెంటికీ నడుమ ఉన్నదని కర్త నమ్మించేది. ఇక అధికారి ఎవరు? ఇంగ్లండులో 1960 నాటి చట్టం పందెపు దుకాణాలకు తలుపులు తెరిచింది కాబట్టి అక్కడివాడు నిస్సందేహంగా అధికారి. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి కాబట్టి మన పాఠకుడికి శ్రవణ మననాల వరకే అధికారం. నిదిధ్యాసనకు పోతే పోలీసులు వస్తారు.

ప్రతిపదార్థం: సొంతగడ్డ మీద = ప్రేక్షకుల కేకలు తోడున్న చోట; మంచి ఊపులో ఉన్న = గత అయిదారు మ్యాచులు గెలిచిన (ఎవరి మీద గెలిచిందో అడగరాదు); జట్టుదే = ఇక్కడి ఏవకారం నిశ్చయార్థకం, అనగా కర్తకు నిశ్చయం లేదని గ్రహించవలె; గెలుపు = తొంభై నిమిషాలూ, ఇంజూరీ టైమూ ముగిసేసరికి ఉన్న ఆధిక్యం మాత్రమే, అదనపు సమయమూ పెనాల్టీ షూటౌటూ ఇందులో చేరవు; 1.80 = వంద పెట్టి గెలిస్తే అసలుతో కలిపి చేతికొచ్చే నూట ఎనభై; ధైర్యంగా = పరుల సొమ్ముతో; పెట్టవచ్చు = విధి కాదు, అనుమతి; పోతే కర్తకు పూచీ లేదు.

వ్యాఖ్య: ఈ సూత్రానికి ప్రాణం గెలుపనే మాటలో లేదు, కర్త దారిలో జారవిడిచిన 1.80లో ఉంది. వందను 1.80తో భాగిస్తే 55.6 వస్తుంది. అంటే ఇలాంటి పందేలు వంద కాస్తే కనీసం 56 నెగ్గాలి, లేకుంటే చేతిచమురే. కనుక పందెగాడు వేసుకోవలసిన ప్రశ్న ఈ జట్టు గెలుస్తుందా అని కాదు, నూటికి 56 సార్లు గెలిచేటంతటి జట్టేనా అని. మొదటి ప్రశ్నకు ఊపు, గాయాలు, కోచి వ్యూహం అంటూ పుటలకొద్దీ సమాధానం దొరుకుతుంది. రెండోదాని ఊసే సూత్రకర్త ఎత్తడు. పైగా అదే మ్యాచికి డ్రా మీద 3.60, ఎదుటి జట్టు మీద 4.80 రేటు ఉన్నాయనుకుందాం. ఏది జరిగినా వంద పౌన్లు చేతికి రావాలంటే మూడింటి మీదా వరుసగా 55.6, 27.8, 20.8 పెట్టాలి. మొత్తం 104.2. సంతలో దళారి ఎవరు కొన్నా ఎవరు అమ్మినా తన రూక తాను తీసుకున్నట్టు, ఆ నాలుగు పౌన్ల చిల్లరా బుకీది. కాబట్టి జోస్యం నిజమైతే చాలదు. రేటు చెప్పే జోస్యం కంటే ఈ తరుగును మించినంత నిజం కావాలి.

దృష్టాంతం: 2012 మే 19న మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. బయెర్న్ సొంత మైదానంలోనే చెల్సీతో తలపడింది. సూత్రంలోని సొంతగడ్డ లక్షణం కుదిరిన ఘట్టమిది. ఆటా సూత్రం చెప్పినట్టే నడిచింది: బయెర్న్‌కు కార్నర్లు 20, చెల్సీకి ఒక్కటి. 83వ నిమిషంలో ముల్లర్ హెడర్‌తో బయెర్న్ ముందంజ వేసింది. 88వ నిమిషంలో చెల్సీకి దక్కిన ఆ ఒకే ఒక్క కార్నర్‌ను మాటా కొట్టగా ద్రోగ్బా తలతో గోల్‌లోకి పంపాడు. తొంభై నిమిషాల లెక్క 1-1. అదనపు సమయంలో బయెర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ చెక్ ఆపాడు. షూటౌట్‌లో చెల్సీ 4-3తో కప్పు ఎత్తింది. పైన చెప్పిన ప్రతిపదార్థం ప్రకారం బయెర్న్ గెలుపు మీద పెట్టినవాడి డబ్బు పోయింది. విచిత్రమేమంటే చెల్సీ గెలుపు మీద పెట్టినవాడిదీ పోయింది. కప్పు ఎవరిదన్నది వేరే పందెం, మ్యాచి ఫలితం వేరే పందెం. ఈ రెండోదాంట్లో గెలిచింది డ్రా.

పూర్వపక్షం: ఒక్క మ్యాచి చూపి శాస్త్రాన్ని కొట్టేస్తారా? కొట్టేయలేదు. బయెర్న్ ఒత్తిడి చేస్తుందన్న అంచనా అక్షరాలా నిజమైంది, పందెం మాత్రం పోయింది. అందుచేత పందెం పోయినంత మాత్రాన జోస్యం తప్పు కాదు, నెగ్గినంత మాత్రాన ఒప్పూ కాదు. ఒకటి రెండు ఫలితాలు చూపి తన ప్రతాపం చాటుకునే కర్తకు కూడా ఇదే సమాధానం. మరొకరి ఆక్షేపణ: జట్ల లోగుట్టు తెలిసినవాడికి బుకీ కంటే ఎక్కువ తెలియదా? ఆ ఫైనల్‌కు చెల్సీలో టెర్రీ, ఇవానోవిచ్, రామిరెస్, మైరెలెస్, బయెర్న్‌లో అలాబా, బాడ్‌స్టూబర్, గుస్తావో సస్పెన్షన్‌తో దూరమన్న సంగతి సెమీఫైనల్స్ నాడే లోకమంతా ఎరుగును. లోకమెరిగిన సంగతి రేటులో ముందే కలిసిపోతుంది. దాన్ని తిరిగి విప్పి చెప్పడం పాండిత్యమే, లాభం కాదు. ఇంకా మిగిలిన వాదం: రేటులోని తప్పును నిజంగానే పట్టుకోగల ఘనులు ఉన్నారు కదా? ఉన్నారు. అలాంటివాళ్ళ ఖాతాల్లో పందెం పరిమితిని కోసేయడం బ్రిటన్ బుకీలకు మామూలే. అటువంటి విద్య చేతిలో ఉన్నవాడు దాన్ని పదిమందికీ ఉచితంగా పంచి, రేటును తానే పడగొట్టుకోవడానికి కారణం కనబడదు.

తాత్పర్యం: ఇలాంటి జోస్యాలు రాసే పలువురికి, తాము పంపిన పాఠకుడు బుకీ దగ్గర ఎంత పోగొట్టుకుంటే అందులో ఒక వాటా ముడుతుంది. ఆ ఒప్పందం కింద కర్త ఆదాయానికి పాఠకుడి ఓటమే మూలధనం. అందుచేత జోస్యాన్ని ఆట చూడటానికి ఉపోద్ఘాతంగా చదువుకోవడం క్షేమం. పందెపు సలహాగా స్వీకరించదలచినవాడు మాత్రం, కర్త తన సొంత అంచనాను నూటికి ఇంత అని రేటు చూడకముందే రాసిపెట్టాడా, ఇప్పటివరకూ చెప్పినవన్నీ కలిపి లెక్క చూపుతాడా అని ముందు అడగవలెనని భావము.