స్పోర్ట్స్ డెస్కు పక్కన నా బతుకు

నేను టెలిప్రింటర్‌ని. మద్రాసు గిండీలో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ కర్మాగారంలో పుట్టాను. ఇప్పుడు ఉంటున్నది కృష్ణానగర్‌లో, సినిమా సెట్లకు సామాన్లు అద్దెకిచ్చే గోడౌన్లో. ఫిల్మ్‌నగర్‌లోనో, అన్నపూర్ణ స్టూడియోలోనో పాత పత్రికాఫీసు సెట్ వేస్తే నన్ను ట్రాలీ ఆటో ఎక్కిస్తారు. కానీ నేను నిజంగా బతికింది హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కు పక్కన. ఆ డెస్కు నిండుగా ఉన్న రోజులూ చూశాను, ఖాళీ అయిన రోజూ చూశాను.

నిమిషానికి దాదాపు 66 మాటలు కొట్టేదాన్ని, అన్నీ ఇంగ్లిషు పెద్దక్షరాలే. ముఖ్యమైన వార్తయితే ముందు గంట మోగించేదాన్ని. సబ్ ఎడిటర్ లేచొచ్చి, స్కేలు ఆనించి కాగితం చించుకుని, నిలబడే తెలుగులోకి దించేవాడు. 1983 జూన్ 25 రాత్రి లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్లో ఇండియా 183కే ఆలౌటని కొట్టినప్పుడు డెస్కులో ఎవరూ మాట్లాడలేదు. కపిల్‌దేవ్ వెనక్కి పరిగెత్తి రిచర్డ్స్ క్యాచ్ పట్టాడన్న కబురు రాగానే అందరూ నా చుట్టూ చేరారు. వెస్టిండీస్ 140కి కుప్పకూలేసరికి అర్ధరాత్రి కావచ్చింది. జిల్లాల ఎడిషన్లు అప్పటికే వెళ్లిపోయాయి. సిటీ ఎడిషన్ ఆపి, మొదటి పేజీ మార్చారు. కంపోజింగ్ వాళ్లు కూడా కిందినుంచి పరిగెత్తుకొచ్చి నా కాగితం పట్టుకుని చూశారు.

అయినా ఆ డెస్కుకు ప్రాణం నేను మోసుకొచ్చిన వార్తలు కావు. లార్డ్స్ సంగతి నేను కాకపోతే రేడియో చెబుతుంది. సాయంత్రం ఆరు దాటాక మెట్లెక్కి వచ్చేవాళ్లది అసలు వార్త. జింఖానా మైదానంలో లీగ్ మ్యాచ్ ముగించుకుని స్కోరు షీటు నాలుగు మడతలు పెట్టి తెచ్చే టీమ్ మేనేజరు, విక్టరీ ప్లేగ్రౌండ్ నుంచి బాస్కెట్‌బాల్ ఫలితాలు తెచ్చే కుర్రాడు, జిల్లా ఖోఖో పోటీల జాబితా పట్టుకుని బస్సు దిగి నేరుగా వచ్చే వ్యాయామ ఉపాధ్యాయుడు. మా చీఫ్ సబ్ ఆ కాగితాల్ని లైటు కింద పెట్టి ఒక్కో పేరూ చదివేవాడు. ఇంటిపేరు అనుమానంగా ఉంటే స్కూలుకు ఫోన్ చేసేవాడు. ‘ఆ పిల్లాడి పేరు మొదటిసారి పేపర్లో పడుతోంది, తప్పు పడకూడదు’ అనేవాడు. మర్నాడు ఆ రెండంగుళాల ముక్కను కత్తిరించి, అట్టకు అతికించి, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పట్టుకెళ్లిన వాళ్లెందరో. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిందని ఈ రోజు ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే, మైదానానికి వెళ్లి రాసుకొచ్చిన వాళ్లుండబట్టే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలం ఆటలకూ చోటు దొరికింది. అది మంచి కాలం.

కంప్యూటర్లొచ్చాక నా తీగ పీకేశారు. చీఫ్ సబ్ నన్ను పారేయనివ్వలేదు. డెస్కు మూల బైండు ఫైళ్ల పక్కన కూర్చోబెట్టాడు. అక్కణ్నుంచే మిగతాదంతా చూశాను.

మా పత్రిక పేరు చెప్పను. ఊరందరికీ తెలిసినవి చెబుతాను. కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. ఫిల్మ్‌నగర్ మనిషి దాసరి నారాయణరావు 1984 చివర్లో తెచ్చిన ఉదయం 1995లో మూతపడింది. ఆంధ్రజ్యోతి 2000లో ఆగి, 2002లో మళ్లీ లేచింది. డెక్కన్ క్రానికల్ కంపెనీ 2008లో 10.7 కోట్ల డాలర్లకు ఐపీఎల్ జట్టు కొన్నది. గిల్‌క్రిస్ట్ సారథ్యంలో 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచింది. 2012లో అప్పుల మధ్య ఆ జట్టే చేజారింది. కప్పు గెలిచిన రాత్రి మా డెస్కులోనూ మిఠాయిలు పంచుకున్నారు.

తర్వాత న్యూస్‌ప్రింట్ ధరలు పెరిగాయి. 2019 బడ్జెట్లో దాని మీద 10 శాతం దిగుమతి సుంకం పడింది, మరుసటి ఏడాది ఐదుకు తగ్గింది. అప్పటికే ప్రకటనలు ఫోన్లలోకి వెళ్లిపోతున్నాయి. 2020లో కరోనా రాగానే జనం పేపరు ముట్టుకోవడానికే భయపడ్డారు. చాలా పత్రికల జిల్లా అనుబంధాలు ప్రధాన పత్రికలో రెండు మూడు పేజీలుగా కుదించుకుపోయాయి. ఖర్చు తగ్గించాలంటే ముందు గుర్తొచ్చేది ఆటల పేజీయే. ఏజెన్సీ కాపీ ఎలాగూ వస్తుంది కదా అంటారు. న్యూయార్క్ టైమ్స్ అంతటిది 2023లో తన స్పోర్ట్స్ విభాగాన్నే ఎత్తేసింది. అంతకుముందు ఏడాది 55 కోట్ల డాలర్లకు కొన్న ది అథ్లెటిక్‌కు ఆ పని అప్పగించింది. అక్కడ అప్పగించడానికైనా ఒకటుంది. మండలం ఖోఖో పోటీలకు ఏ ఏజెన్సీ వస్తుంది?

అప్పట్లో 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం పాత్రికేయుణ్ని తీసేయాలంటే కనీసం మూడు నెలల నోటీసివ్వాల్సి ఉండేది. మా వాళ్లకు నోటీసులు రాలేదు. ఒక్కొక్కరినే పైకి పిలిచి రాజీనామా రాసిమ్మన్నారు. రాయనన్నవాణ్ని ముక్కూ మొహం తెలియని ఎడిషన్‌కు బదిలీ చేశారు. చీఫ్ సబ్ కిందికొచ్చి, సొరుగులో స్కోరు షీట్లన్నీ తీసి, తేదీల వారీగా సర్ది, రబ్బరు బ్యాండు వేసి, ఫైళ్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఆ ఫైళ్లూ నేనూ ఒకే తూకంలో పాత సామాన్ల వాడికి పోయాం. నన్ను ప్రాపర్టీ వాళ్లు కొన్నారు. ఫైళ్లను ఎవరూ కొనలేదు.

మొన్న జూబ్లీహిల్స్‌లో ఓ షూటింగుకు నన్ను తీసుకెళ్లారు. పత్రికాఫీసు సెట్టు సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి మా చీఫ్ సబ్బే. ఇప్పుడు ఒక సినిమా పీఆర్వో దగ్గర ప్రెస్‌నోట్లు రాస్తున్నాడట. నన్ను చూసి ఆగాడు. గంట మీట వేలితో నొక్కి చూశాడు, కదల్లేదు.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు ఆయన వెంటపడ్డాడు. ‘సార్, మీరు స్పోర్ట్స్‌లో చేశారట కదా? రన్నర్ అశ్వినీ నాచప్పతోనే అశ్వని సినిమా తీశారు కదా, అలాంటిది నిజమైన కథ కావాలి సార్. జెర్సీ లాగా కల్పించింది కాదు. మన ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయి, కబడ్డీ అయినా సరే. ఎంత వెతికినా ఆన్‌లైన్‌లో ఏమీ దొరకట్లేదు.’

‘ఎలా దొరుకుతుంది బాబూ? రాసినవి తూకానికి పోయాయి. ఆ తర్వాత రాసినవాళ్లే లేరు.’

కుర్రాడు నోట్‌బుక్ మూయబోయాడు. ఆయన దాన్ని తీసుకుని ఇద్దరు కోచ్‌ల ఫోన్ నంబర్లు చూడకుండానే రాశాడు.

‘ఆదివారం పొద్దున ఆరింటికి విక్టరీ ప్లేగ్రౌండ్‌కి రా. నేనూ వస్తాను. పెన్నులు రెండు తెచ్చుకో, స్కోరు మనమే రాసుకోవాలి.’