కొండసాంబ్రాణి మాను మీద నా గాటు

తిరుమల కొండ మీద శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం అలదుతారు. వాసనను పట్టి నిలిపే గుణం పునుగుకు ఉందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ కొండ కిందే, చంద్రగిరిలో పుట్టి పెరిగిన నేను వాసన ఎలా నిలుస్తుందో తెలుసుకోకుండా అత్తరు చేయడానికి దిగాను. అక్కడితో ఆగినా బాగుండేది.

మా అక్క కూతురి పెళ్ళికి తాంబూలంతో పాటు తలా ఒక చిన్న అత్తరు సీసా ఇస్తానని నేనే ముందుకొచ్చాను. పైన మల్లె, అడుగున సాంబ్రాణి. అత్తరు పనిలో ఈ అడుగు వాసనను బేస్ నోట్ అంటారు. పైవాసనలు ఎగిరిపోయాక ఒంటి మీద మిగలాల్సింది అదే. సాంబ్రాణి నిలుస్తుందని నా గట్టి నమ్మకం. పసిబిడ్డకు నీళ్ళు పోసి మా అవ్వ వేసే పొగ మర్నాటి దాకా ఉయ్యాల గుడ్డలో ఉండేది మరి.

ఆవిరి పట్టి తీసిన సాంబ్రాణి నూనె తెప్పించాను. మూత తీస్తే నిమ్మతొక్క లాంటి తాజా వాసన. ఆ ఒక్క పీల్పుకే మురిసిపోయి వంద సీసాలు నింపాను. ఒక చుక్క కాగితం మీద వేసి రాత్రంతా ఆగి చూడాలన్న ఆలోచనే రాలేదు.

జీలకర్ర బెల్లం వేళకు ఉన్న వాసన తలంబ్రాల వేళకు లేదు. “ఏం మామా, వాసన యాడికి పాయ?” అని పెళ్ళికూతురు అమాయకంగా అడిగింది. సిగ్గు కప్పుకోవడానికి నూనె కల్తీదని అందరి ముందూ అనేశాను. పరీక్ష చేయకుండానే అమ్మినవాళ్ళ మీద నింద వేశాను.

అసలైనది నేనే తెస్తానని మొండికెత్తాను. తెల్లవారుజామున శ్రీనివాసమంగాపురం వైపు నుంచి కొండెక్కాను. అది రక్షిత అడవి అని తెలిసే వెళ్ళాను. కాగితాల్లా పొరలు ఊడే బెరడున్న కొండసాంబ్రాణి మానుకు కత్తితో గాటు పెట్టాను. పాలలాంటి బంక ఊరింది. మూడుసార్లు వెళ్తే గుప్పెడు కూడా రాలేదు. మూడోసారి ఒక మేకలకాపరి చూశాడు. తిట్టలేదు. కొంచెం దూరంలో మోడై నిలబడ్డ మానును చూపించి, “పోయినేడు గాట్లు పెట్టినారు సామీ, ఎండిపాయ” అన్నాడు. ఆ రోజే కత్తి కింద పెట్టాను.

తర్వాత చదివాను. నూనెలో కల్తీ లేదు, లోపం నా తెలివిలో ఉంది. బంకలో ఆవిరితో పైకి లేచేది తేలిక భాగం మాత్రమే, పైనీన్, థుజీన్ లాంటివి. పైనీన్ అణుభారం 136. అది ముందుగా పలకరించి ముందుగానే వెళ్ళిపోతుంది. 456 అణుభారమున్న బోస్వెలిక్ ఆమ్లాలు ఆవిరితో లేవవు, బట్టీలోనే ఉండిపోతాయి. వాటికి చెప్పుకోదగ్గ వాసన లేదు గానీ తక్కిన వాసనలను తొందరగా ఎగరనివ్వవు. గుడిని తలపించే ఆ పాత సువాసనకు మూలమైన ఒలిబానిక్ ఆమ్లాలను 2016లో గానీ శాస్త్రజ్ఞులు గుర్తించలేదు. అడుగు వాసన కావాలంటే ఆవిరి నూనె చాలదు, బంకనే ఆల్కహాల్‌లో కరిగించి సారం తీయాలి. అవ్వ కుంపట్లో వేసింది కూడా నూనె కాదు, బంక. పైగా అంగట్లో సాంబ్రాణి పేరుతో దొరికేది చాలావరకు సుమత్రా వైపు నుంచి వచ్చే వేరే చెట్టు బంక. ఒకే పేరు రెండు వస్తువులకు ఉందని కూడా నాకు తెలియదు.

మాను సంగతి చదివినప్పుడు మాత్రం గుండె చెరువైంది. బోస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా అనే ఈ జాతిని 1961లో బాలకృష్ణన్, హెన్రీ లోకానికి పరిచయం చేశారు. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. ఎరిట్రియాలో దీని చుట్టం లాంటి మరో జాతిని పరిశీలించినవాళ్ళు, ఎడాపెడా గాట్లు పెడితే చెట్టు ఇచ్చే విత్తనాల్లో మొలకెత్తేవి బాగా తగ్గిపోతాయని తేల్చారు. నేను తీసింది గుప్పెడు బంక అనుకున్నాను. రేపటి మొలకల్ని కూడా తీశాను.

ఇప్పుడు మధ్య భారతపు అడవుల నుంచి వచ్చే అందుగు చెట్టు బంక కొంటున్నాను. దంచి, నాలుగింతల ఆల్కహాల్‌లో నానబెడతాను. జిగురు అడుగుకు దిగుతుంది. వడగట్టిన సారాన్ని గాలికి ఆరనిస్తే తేనెలా చిక్కబడుతుంది. దాన్ని మల్లెతో కలిపి నెల రోజులు కదపను. కాగితం మీద రాత్రి వేసిన చుక్క పొద్దున్నకు కూడా పలుకుతోంది.

మా మేనకోడలికి ఒక సీసా పంపి, కల్తీ అన్న మాట అబద్ధమని చెప్పాను. మానుకు చెప్పుకోవడానికి నాకు దారి లేదు. అందుకే మీతో చెబుతున్నాను. శేషాచలం కొండసాంబ్రాణి అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. కొనేవాడు లేకపోతే గాటు పెట్టేవాడు ఉండడు.