ముందుకాలి నాడాను

నేను గుర్రపు నాడాను. శని పోతుందని గుమ్మాలకు కొట్టుకునే నల్ల గుర్రం నాడాను కాను. నాది తెల్ల గుర్రం, బజారులో గిరాకీ లేని సరుకును. హైదరాబాదులో పెళ్లి బరాత్‌లకు తిరిగే ఓ ముసలి ఆడగుర్రం ఎడమ ముందుకాలికి నన్ను కొట్టారు. ఆమె పుట్టింది ముదురు రంగుతోనేనట, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడింది. తెల్లగా కనబడే గుర్రాల్లో చాలావాటి సంగతి అంతే. వయసులో మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తి, తర్వాత పెళ్లికొడుకులను మోసి, ఇరవై ఆరో ఏట నా మీద నిలబడింది.

గిట్ట నెలకు ఇంచుమించు సెంటీమీటరు పెరుగుతుంది. అందుకని ఆరేడు వారాలకోసారి నాల్‌బందు వచ్చి, నన్ను ఊడదీసి, గిట్ట చెక్కి మళ్లీ బిగిస్తాడు. మేకులు దిగే అంచులో స్పర్శ ఉండదు. నొప్పి అంతా లోపలే. అక్కడున్న ఎముకను గిట్ట గోడకు సన్నని పొరలు పట్టి ఉంచుతాయి. వాటికి వాపొచ్చి పట్టు వదిలితే ఎముక మొన అరికాలి వైపు తిరుగుతుంది. దాన్నే లామినైటిస్ అంటారు.

ఇంట్లోవాళ్ల కంటే ముందు నాకే తెలిసింది. బరువు నా ముందు భాగం మీద ఆనడం మానేసింది. రెండు ముందుకాళ్లూ చాచి, మడమల మీదికి వెనక్కి వాలి నిలబడేది. మలుపు తిరగమంటే మొరాయించేది. ఊరేగింపు లేని రోజున కూడా గిట్ట వెచ్చగానే ఉండేది. పైగా ఎండలు ముదిరినా చలికాలపు బొచ్చు రాలలేదు. ముసలితనమనుకున్నారు. నిజానికది పిట్యూటరీ గ్రంథి జబ్బుకు గుర్తు. కుషింగ్స్ అంటారు, ముసలి గుర్రాలకు తరచూ వస్తుంది. అదుపులో పెట్టే మందులున్నాయి గానీ నయం చేసేవి లేవు. లామినైటిస్‌ను వెంటబెట్టుకొచ్చేదీ ఆ జబ్బే. ఇవేవీ తెలియక, చిక్కిపోతోందని ఉలవ గుగ్గిళ్లూ బెల్లమూ పెంచారు. ప్రేమతోనే పెట్టారు. కానీ ఆ జబ్బులో తీపీ పిండిపదార్థాలూ కాళ్లకు చేటు.

డాక్టరమ్మ వచ్చి పట్టకారుతో గిట్ట ముందుభాగం నొక్కగానే గుర్రం కాలు లాక్కుంది. ఎక్స్‌రేలో ఎముక మొన అరికాలికి దగ్గరగా వచ్చేసింది. ఆ పూటే నన్ను ఊడదీశారు. నా స్థానంలో మందపాటి థర్మాకోల్ ముక్కలు, కింద ఇసుక పరుపు, నొప్పికి మందులు. నేను కొట్టంలో స్తంభం మేకుకు వేలాడుతూ మిగతాదంతా చూశాను.

కొన్నాళ్లు తెరిపిన పడినట్టే ఉంది. తర్వాత పడుకోవడం ఎక్కువైంది. తుంటి దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది, ఈగలు ముసిరేవి. నొప్పి మందు ఎక్కువైతే కడుపులో పుళ్లు, తగ్గిస్తే కాళ్లు నిలవవు.

"మేత ముడుతూనే ఉంది కదా డాక్టరమ్మా. మూగజీవిని చేతులారా చంపుకోమంటారా?" అన్నాడు యజమాని.

"గుర్రం నొప్పి దాచుకుంటుంది పెద్దాయనా. అడవిలో కుంటితే పులి నోట్లో పడినట్టే కదా, ఆ భయం దాని రక్తంలోనే ఉంది. కాళ్లు భరించలేనంత నొప్పెడుతున్నా గడ్డి కొరుకుతూనే ఉంటుంది. తినడం కాదు, లేవడం చూడండి."

ముహూర్తాలు గుర్తుపెట్టుకునే క్యాలెండరులోనే రోజూ రాత్రి ఓ గుర్తు పెట్టమంది. తేలిగ్గా లేచి, నాలుగడుగులు వేసి, పిలిస్తే చెవులు నిక్కించిన రోజుకు సున్నా. లేకపోతే అడ్డగీత. ఆ పని మనవడు చేశాడు. పెద్దాయన వాదనలకు లొంగలేదు గానీ, అడ్డగీతలు వరసగా నిండిన పేజీని చాలాసేపు చూసి, చివరికి సరేనన్నాడు. దేవుడిచ్చిన ప్రాణం మనం తీయడమేమిటని ఇరుగుపొరుగు అన్నారు. వాళ్లలో ఒక్కరూ అర్ధరాత్రి వచ్చి దాన్ని లేపలేదు. ఆ మాట పెద్దాయన అనలేదు, నేనంటున్నాను.

తెల్లవారుజామున, చల్లబాటు వేళ, తవ్వించి పెట్టిన గుంతకు దగ్గర్లో మెత్తటి నేల మీద నిలబెట్టారు. మెడ నరంలో సూది అమర్చి ముందు మత్తు ఇచ్చారు, తల వాలింది. తర్వాత ప్రాణం తీసే మందు, పెద్ద మోతాదులో. పడిపోయాక కూడా కండరాలు అదరవచ్చు, ఒకటి రెండు పెద్ద శ్వాసలు రావచ్చు, భయపడకండని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. స్టెతస్కోపు పెట్టి గుండె విన్నది, కంటిని వేలితో తాకి రెప్ప కదలడం లేదని చూసింది. కొట్టంలోని రెండో గుర్రాన్ని దగ్గరికి వదిలారు. అది వాసన చూసి, కాసేపు నిలబడి, తన మేత దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మందు కళేబరంలోనే ఉండిపోతుంది. కుక్కలో గద్దలో తింటే వాటికీ ప్రాణాపాయమే. అందుకే లోతుగా పూడ్చారు. ముసలి గుర్రమున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: డాక్టరుతో ఈ మాట గుర్రం నడుస్తున్నప్పుడే మాట్లాడి పెట్టుకోండి, గుంతకు చోటు, జేసీబీ మనిషి ఫోన్ నంబరు కూడా ముందే చూసుకోండి.