పచ్చ వైరు సూత్రానికి టీక

అవతారిక: ఉప్పల్ మెట్రో పిల్లర్ల కింద మా పాత మారుతీ 800 నెలలో మూడోసారి మొరాయించింది. నలుగురి చేత తోయించి, హబ్సిగూడ మీదుగా నాచారం చేర్చాను. పారిశ్రామికవాడ పక్కన ఒక షెడ్డులో మెకానిక్ డ్యాష్‌బోర్డులోంచి స్టీరియోను గుంజి, వెనకున్న నల్లటేపు ముద్దను వేళ్ళతో నొక్కి చూసి, ఈ సూత్రం చెప్పాడు.

మూలం: "ఎవడో కప్లర్ కోసిండు సార్. పచ్చదీ ఎర్రదీ ఒక్కటి జేసిండు. గందుకే బ్యాటరీ బైఠ్ గయా."

ప్రతిపదార్థం: ఎవడో = పాత యజమాని కాలంనాటి పూర్వ వ్యాఖ్యాత, పేరు పోయింది, కృతి మిగిలింది; కప్లర్ = సెట్టు వైర్లనూ కారు వైర్లనూ కలిపే ప్లాస్టిక్ సంధి; కోసిండు = సంధి విడదీయడం చేతగాక పదాలనే నరికాడు; ఎర్రది = తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు; ఒక్కటి జేసిండు = మెలిపెట్టి టేపు చుట్టాడు; బ్యాటరీ = 12 వోల్టుల మూలధనం; బైఠ్ గయా = చతికిలబడింది. తెలుగు వాక్యం ఉర్దూ క్రియతో ముగియడం నాచారం శైలిలో దోషం కాదు.

'పచ్చది' అన్న మాటను కావాలనే దాటేశాను. కాళిదాసుకు సంజీవని రాసిన కొల్చారం మల్లినాథసూరి అయినా ఇక్కడ ఒక్క క్షణం ఆగేవాడు. పచ్చకామెర్లలోని పచ్చా, పచ్చని చేలోని పచ్చా ఒకటి కాదు గదా. స్టీరియో వెనక రెండు పచ్చలూ ఉన్నాయి. పసుపుపచ్చ వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారమూ స్టేషన్లూ గుర్తుండేది దాని వల్లే. ఆకుపచ్చ వైరు వెనక ఎడమ స్పీకర్‌ది. ఆకుపచ్చ అని అర్థం చెప్పుకుని ఎరుపుతో కలిపితే స్పీకర్ దారిలోకి 12 వోల్టులు ఎదురెక్కి సెట్టులోని చిప్పు మాడుతుంది. ఆలంకారికులు శ్లేషను మెచ్చుకుంటారు. వాళ్ళెవరూ వైరింగు చేసినట్టు లేదు.

కాబట్టి ఇక్కడ పచ్చ అంటే పసుపే. బ్యాటరీ చతికిలబడిందన్న ఉత్తరభాగమే సాక్ష్యం.

పాఠాంతరం: పసుపూ ఎరుపూ కలిపేవాళ్ళలో రెండు సంప్రదాయాలు. రెంటినీ తాళం వైపు కలిపితే మతిమరుపు పాఠం. బండి ఆపిన ప్రతిసారీ గడియారం సున్నాకు పోతుంది, 101.9 మీది రెయిన్‌బో, 102.8 మీది వివిధభారతి మళ్ళీ వెతుక్కోవాలి. రెంటినీ బ్యాటరీ వైపు కలిపితే జాగరణ పాఠం. తాళం తీసిన కబురు సెట్టుకు అందదు. గొంతు తగ్గించి దిగిపోయామా, తెల్లవార్లూ మేలుకుని బ్యాటరీని తాగుతుంది. మాది రెండోది. రాత్రి గొంతు తగ్గించేది నేనే కాబట్టి నేరంలో వాటా ఉంది. ఇది ఇంట్లో చెప్పలేదు.

పనిలో పనిగా పెట్టిద్దామనుకున్న కొత్త సెట్టు పెట్టె మీద 'సింగిల్ డిన్' అని ఉంది. ఒక్క రోజులో అయ్యే పని అని మా బావమరిది దీనికి హిందీ వ్యుత్పత్తి చెప్పాడు. అది లౌకికం. డిన్ అనేది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుకు పొడి అక్షరాలు. డ్యాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉన్న కంత అని అర్థం. పని మూడు దినాలు పట్టింది.

అదే పెట్టె మీద '50 వాట్లు × 4' అనీ ఉంది. వెనక ఫ్యూజు చూస్తే 10 ఆంపియర్లు. బండి నడుస్తుండగా 14 వోల్టులు వస్తాయనుకున్నా లోపలికి పోయేది 140 వాట్లు, బయటికి 200 వస్తాయట. అలంకారం అతిశయోక్తి.

రంగుల శాస్త్రం సెట్టు వైపే చెల్లుతుంది. కారు వైపు ఏ కంపెనీ నిఘంటువు దానిది. అందుకే మెకానిక్ శబ్దప్రమాణాన్ని పక్కన పెట్టి టెస్ట్ ల్యాంపు అందుకున్నాడు. తాళం లేకుండా వెలిగిన వైరు పసుపుకు, తాళం తిప్పితే వెలిగినది ఎరుపుకు, బాడీకి పోయేది నలుపుకు. పాత స్పీకర్ల నెగెటివ్‌లు రెండూ బాడీకే కట్టి ఉన్నాయి. వెనకటి సెట్లకు అది చెల్లింది. ఇప్పటి సెట్లలో స్పీకర్ వైరు ఏదీ బాడీని తాకకూడదని ఒక్కో స్పీకర్‌కూ వేరే జత లాగాడు. రెండో రోజంతా దానికే పోయింది. నేను స్టూలు మీద కూర్చుని టీలు తాగాను.

ఈసారి కోత లేదు. కొత్త కప్లర్ తెచ్చి, దాని వైర్లను కారు వైర్లకు సోల్డర్ చేసి తొడుగు వేశాడు. రేపు ఇంకో వ్యాఖ్యాత వస్తే గుంజితే చాలు, ఊడి వస్తుంది.

చివరికి నీలం వైరు ఒకటి మిగిలింది. అది మోటారుతో పైకి లేచే యాంటెన్నా కోసం. మాది చేత్తో లాగేది.

"ఇదేంది తమ్మీ?"

"గది మనకు పన్జెయ్యది సార్, ఉండనీ."

నీలం = పాదపూరణం. టేపు చుట్టి లోపలికి తోశాడు.