రాహుకాలానికి కాంటాక్టులు

పెళ్లికి ముహూర్తం పెట్టే పంతులుగారు సైతం పేరు, నక్షత్రం, గోత్రం అడిగి ఊరుకుంటారు. మేనమామల ఫోన్ నంబర్లు అడగరు. ఉచిత పంచాంగం యాప్ మాత్రం రాహుకాలం చెప్పాలంటే కాంటాక్టులు, కెమెరా, మైకు తన చేతిలో పెట్టాలంటుంది. మనం ‘అలౌ’ నొక్కేస్తాం. పాపం, నోరు తెరిచి అడిగింది కదా!

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అందులో ఓ ఉదాహరణ ముచ్చటగా ఉంటుంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగితే, రోగి సరేనన్నా సరే, ఆ మేరకు సమ్మతి చెల్లదు. జ్వరానికి, బావమరిది నంబరుకు సంబంధం లేదు గనక! డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. భేష్. కాకపోతే నిబంధనలకు 2025 నవంబరులో గానీ ముహూర్తం కుదరలేదు. ముఖ్యమైనవి అమలు కావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. ఏ పంచాంగం చూశారో!

ఈలోగా ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరిచి, పంచాంగానికిచ్చిన మైకు లాగేసుకోండి. తిథి మారదు.