మా ఇంటి సీఆర్వో సంసారం

మా ఇంట్లో నమ్మదగ్గ పరీక్ష పరికరం ఒక్కటే, అది మా ఆవిడ ముక్కు. వెనకగదిలో ఏ రెసిస్టర్ కమిలినా, వంటింట్లోంచి "ఏవండీ, మళ్ళీ ఏదో కాలుతోంది" అని కేక వచ్చాకే నా మీటర్లకి ఆ సంగతి తెలుస్తుంది. ఆమధ్య ఒక సెలీనియం రెక్టిఫయర్ ప్రాణం వదిలింది. పోతూ పోతూ అది కుళ్ళిన ముల్లంగి కంపు కొడుతుంది. పాపం, ఆవిడ ఫ్రిజ్‌లో కూరగాయల అర మొత్తం బయటపెట్టి వెతికింది. ఆ పొగ ఒంటికి మంచిది కాదు గనక నేను గబగబా కిటికీలు తెరిచానే గానీ, ముల్లంగి తప్పేం లేదని మాత్రం చెప్పలేదు.

నా జబ్బు పాత కొలత పరికరాలు. సీఆర్వోలు (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోపులు), సిగ్నల్ జనరేటర్లు, ఫ్రీక్వెన్సీ కౌంటర్లు. అందులోనూ మాది హైదరాబాదు. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వెలిసిన ఊరు, రక్షణ ప్రయోగశాలలున్న ఊరు, ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊరు. ఇలాంటి ఊళ్ళో కండెమ్ అయిన సామాను ఎక్కడో ఒకచోట తేలక తప్పదు. తేలినచోట కిలోల లెక్కన తూస్తారు. అలా తూచి తెచ్చుకున్న సీఆర్వో బరువులో ట్రాన్స్‌ఫార్మర్‌దే సింహభాగం, అదొక్కటే సాధారణంగా బాగుంటుంది. విడిభాగాలకి కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. అక్కడి కొట్టు కుర్రాడు నన్ను "బాగున్నారా" అని అడగడం ఎప్పుడో మానేశాడు. "ఇవాళ ఏం పోయింది సార్?" అంటాడు.

పాతదన్నాక పాడవుతుంది, అందులో వింతేం లేదు. నా గోల వేరు. కొన్నిటికి పుట్టించినవాడే చావుకి ముహూర్తం పెట్టి మరీ పంపించాడు. నా బల్లమీదున్న సీఆర్వోనే తీసుకోండి. చేసినవాళ్ళ పేరు చెప్పను, ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. దాని పవర్ బటన్ ముందు పలకమీద ఠీవిగా ఉంటుంది. అసలు స్విచ్ మాత్రం వెనకాల మూలన ఉంది. బటన్ నొక్కితే జానెడు ప్లాస్టిక్ కడ్డీ ఒకటి లోపల్నించి వెళ్ళి ఆ స్విచ్‌ని తొయ్యాలి. ఆ కడ్డీని ఆనుకునే ఒక రెసిస్టర్, చెయ్యి పెడితే చురుక్కుమనే రకం. ప్లాస్టిక్ ఎండి, పెళుసెక్కి, ఓ శుభముహూర్తాన విరిగింది. ప్రస్తుతం ఆ ఉద్యోగంలో అగరుబత్తి పుల్ల ఉంది. లోపలి ఫ్యూజు మార్చాలంటే పిక్చర్ ట్యూబు కదిలించాలి. ఫ్యూజనేది ఎన్నటికీ పోదని ఆ డిజైనరు మహాశయుడికి గట్టి నమ్మకం కాబోలు.

వేడి పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఈ వృత్తిలో పసిపిల్లలక్కూడా తెలుసు. మన డిజైనరు పెట్టెంతా వెతికి, అన్నిటికంటే వేడెక్కే ట్రాన్సిస్టర్ ఎక్కడుందో చూసి, దాని సరసన ఆ కెపాసిటర్‌ని నిలబెట్టాడు. ఇక టాంటలమ్ కెపాసిటర్లు. కందిగింజంత పసుపు బొట్లు, చూస్తే ముద్దొస్తాయి. రేటింగులో సగం వోల్టేజీకి మించి పెట్టొద్దని పెద్దలు చెబుతారు. 15 వోల్టుల లైను మీద 16 వోల్టులది పెట్టి చేతులు దులుపుకున్నారు. టాంటలమ్ పోతే ఒంటరిగా పోదు. షార్టయి పవర్ సప్లై మొత్తాన్ని కూలదోస్తుంది, ఒక్కోసారి చిన్న మంట కూడా పెడుతుంది. డజన్లకొద్దీ ఉన్నవాటిలో దోషి ఏదో తేల్చాలంటే ఒక్కొక్కటే ఊడదీసి చూడాలి. ఊడదీస్తుంటే పాత బోర్డు మీది రాగి గీత కూడా దాంతోపాటే లేచొస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో ఆ బోర్డు దగ్గరే నాకు అర్థమైంది.

అందరూ ఇంతే అంటే కళ్ళు పోతాయి. టెక్ట్రానిక్స్ వాళ్ళ పాత వాల్వు సీఆర్వోల్లో భాగాలన్నీ వెండిపూత గాళ్ళున్న పింగాణీ పట్టీల మీద వరసగా కూర్చుంటాయి. మామూలు సోల్డర్‌తో రిపేరు చేస్తే ఆ పూత అందులో కరిగిపోతుంది. అందుకని వెండి కలిసిన సోల్డర్ చిన్న చుట్ట ఒకటి పరికరం లోపలే తగిలించి అమ్మేవాళ్ళు. ఎప్పుడో ఎవరో దీన్ని విప్పుతారు, వాళ్ళ చేతికి ఇది అందాలి అని ముందే తలచారన్నమాట! హ్యూలెట్, పకార్డ్ 1939లో కంపెనీ పెట్టి అమ్మిన తొలి సరుకు ఆడియో ఆసిలేటర్. సిగ్నల్‌ని నిలకడగా ఉంచే పనిని అందులో ఒక బుల్లి బల్బుకి అప్పజెప్పారు. సిగ్నల్ పెరిగితే ఫిలమెంటు వేడెక్కి దాని రెసిస్టెన్సు పెరుగుతుంది, దాంతో సిగ్నల్ తిరిగి దారికొస్తుంది. డిస్నీ స్టూడియో 'ఫాంటేసియా' సినిమా కోసం ఆ వరసలోవి ఎనిమిది కొనుక్కుంది.

బల్బు మహిమ నాకూ తెలుసు. అనుమానం ఉన్న పెట్టెనల్లా ముందు సీరీస్ ల్యాంపు మీద పెడతాను. లోపల షార్టుంటే 100 వాట్ల బల్బు భగ్గున వెలిగి కరెంటంతా తనే మింగుతుంది, పెట్టె కాలకుండా మిగులుతుంది. ఎల్ఈడీలు వచ్చాక ఆ ఫిలమెంటు బల్బులు దొరకడం గగనమైంది. మా దేవుడిగదిలో ఒకటుండేది. ఇప్పుడక్కడ ఎల్ఈడీ ఉంది. కరెంటు ఆదా అని నేనే చెప్పాను.

వానాకాలం వస్తే మరో పురాణం. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు తేమ పీల్చుకుని విలువ పెంచుకుంటాయి. ఎండాకాలం కుదిర్చిన కాలిబ్రేషన్ శ్రావణమాసానికి నీళ్ళపాలు. బ్రిటన్‌లో ముల్లార్డ్ వాళ్ళ ఏఎఫ్117 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఉండేది. దాని డబ్బా లోపల తగరం నుంచి వెంట్రుకకంటే సన్నని మీసాలు మొలిచి తీగలకి తగులుకుంటాయి. నెత్తిమీద ఒక మొట్టికాయ వేస్తే మీసం తెగి కాసేపు బుద్ధిగా పనిచేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌లో ఇంత హాయైన వైద్యం ఇంకోటి లేదు. మొదటిసారి నేను మొట్టడం మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఫోన్లో వాళ్ళ అన్నయ్యకి చెబుతుంటే విన్నాను.

తర్వాత చిప్పులొచ్చి ఈ బాధలు పోతాయనుకున్నారు. కొందరు ఘనులు కాలిబ్రేషన్ అంకెలన్నీ బ్యాటరీ మీద బతికే మెమరీలో దాచారు. ఆ బ్యాటరీని చిప్పులోనే పోతపోసి సీలు వేశారు. పదేళ్ళు గ్యారంటీ. తర్వాతో? పరికరం వెలుగుతుంది, తెర మీద గీత వస్తుంది, ఒక వోల్టంటే ఎంతో మాత్రం దానికి గుర్తుండదు. వాల్వుల కాలంలో మరచిపోవడానికి పరికరం దగ్గర ఏమీ ఉండేది కాదు.

"ఇంతకీ ఇవి ఏం చేస్తాయండీ?" అని ఆవిడ ఒక ఆదివారం అడిగింది.

"పాడైన వస్తువుల్లో లోపం పట్టుకుంటాయి."

"మరి ఇవే పాడయ్యాయిగా?"

"అందుకేగా ఇంకోటి తెచ్చింది."

"అదైనా బాగుందా?"

అది బాగుందో లేదో తేలాలంటే టైమ్ మార్క్ జనరేటర్ ఉండాలి, దాన్ని నమ్మాలంటే కౌంటర్ ఉండాలి, కౌంటర్‌ని నమ్మాలంటే లోపల క్వార్ట్జ్ అవెన్ వేడెక్కి కుదుటపడాలి అని వివరించబోయాను. ఆవిడ అప్పటికే బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళిపోయింది. వెళ్ళి తిరిగొచ్చింది కూడా. దండెం కట్టే మేకుకి నా సిగ్నల్ జనరేటర్ అడ్డమట.

అసలు రహస్యం ఆవిడకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఒకసారి మంచి సీఆర్వో ఒకటి చిక్కింది. పెట్టగానే వెలిగింది, గీత తిన్నగా వచ్చింది, ఏ మీట తిప్పినా కిమ్మనలేదు. నాకేం చెయ్యాలో పాలుపోలేదు. దుమ్ము తుడిచాను. మళ్ళీ తుడిచాను. ఆఖరికి తెలిసిన కుర్రాడి ప్రాజెక్టుకి ఇచ్చేసి, ఎంత ఉదారుణ్ణో నలుగురికీ చెప్పుకుని, ఆ ఖాళీలో పొగలు కక్కే ఇంకోదాన్ని తెచ్చి కూర్చోబెట్టాను. ఆ చెత్త డిజైనర్లని తిట్టే హక్కు నాకెక్కడిది? వాళ్ళు బుద్ధిగా పనిచేసి ఉంటే నా రిటైర్మెంటు జీవితం ఏం కావాలి?

మొన్న మా మిక్సీ మొరాయించింది. దాని మోటారు కరెంటు ఎలా ఉందో సీఆర్వోలో చూద్దామన్నాను. సీఆర్వో ముందు చెడింది. అది బాగయ్యేదాకా ఆవిడ పచ్చడి రోట్లో నూరింది, నూరినంతసేపూ నా గదివైపే చూసింది. చివరికి మెకానిక్‌ని పిలిచింది. వచ్చినవాడి చేతిలో టెస్టర్ స్క్రూడ్రైవర్ తప్ప మరేం లేదు. "కార్బన్ బ్రష్‌లు అరిగినయ్ మేడమ్" అని మార్చేశాడు, డబ్బులు తీసుకున్నాడు. పోతూ పోతూ తలుపు సందులోంచి నా గదిలోకి తొంగిచూశాడు.

"ఇవన్నీ నడుస్తయా సార్?"

నేను జవాబు వెతుక్కుంటుంటే వాడే అందుకున్నాడు. "మా షాపుల గూడ పెద్ద సీఆర్వో ఒకటి పడుంది సార్. నడుస్తలేదు. ఎవళ్ళు తీస్కుంటలేరు."

వంటింట్లో మిక్సీ గట్టిగా తిరుగుతోంది. అదే అదనని, "ఎంతకిస్తావు?" అన్నాను.